నిసూబెన్

మామిడిరసం, పూరీలు తిని ఇల్లంతా నిద్రపోయింది, నేను తప్ప. నాకు పొద్దుటి నుంచీ పార్శ్వపు నొప్పి, ఎడమ కంటి వెనకాల ఎవరో తీరిగ్గా కూర్చుని మేకు దిగ్గొడుతున్నట్టు, అందుకే పరదాలన్నీ దగ్గరికి లాగి, నుదుటి మీద తడిగుడ్డ వేసుకుని మేడమీద గదిలో పడుకున్నాను. ఈ నొప్పి వచ్చినప్పుడు వెలుతురు చూడలేను కానీ చెవులు మాత్రం పాము చెవులైపోతాయి. వెనక వేపచెట్టు మీద నెమలి ఎండకి విసిగి అరుస్తోంది, వసారాలో ఉయ్యాలబల్ల గొలుసు కిర్రుమంటోంది, గాలికే కాబోలు, అత్తగారు తన గదిలో పడుకుంది కదా, వంటింటి వెనక వంటమనిషి మహరాజ్ గురక, మనిషి ఎంత సన్నమో గురక అంత లావు, పక్కమంచం మీద మా చిన్నది ఋత్వా నిద్రలో పళ్ళు కొరుకుతోంది. వీటన్నిటి కిందా ఇంకో చప్పుడు, నేను మేలుకుని ఉన్నది దానికోసమే, బాల్చీలో గుడ్డ ముంచి పిండిన చప్పుడు, ఆ తర్వాత దాన్ని నేల మీద ఫట్‌మని పరిచిన చప్పుడు. కింద హాల్లో నా కొడుకు నిసర్గ్ నేల తుడుస్తున్నాడు.

"ముందుకి కాదు నిసూభాయ్, వెనక్కి. వెనక్కి జరుగుతూ తుడవాలి. తుడిచిన చోటే మళ్ళీ నువ్వు అడుగులేస్తే ఇంక తుడవడం ఎందుకు?" అది జశీబెన్ గొంతు. "జరుగుతున్నా కదా మాసీ," అంటున్నాడు వాడు. "ఎక్కడ జరుగుతున్నావు? బాతులా కూర్చున్నచోటే ఊగుతున్నావు." "మా క్రికెట్ కోచ్ కూడా ఇన్ని తిట్లు తిట్టడు." "అతనికిచ్చే జీతం నాకిప్పించు, ఇంకా బాగా తిడతా." నవ్వితే మేకు కదులుతుంది, అయినా నవ్వొచ్చింది. జశీబెన్ మెట్ల దగ్గర చిన్న స్టూలు వేసుకుని కూర్చుని ఉంటుంది, కుడిచెయ్యి కట్టుతో సహా మెడకి కట్టిన గుడ్డలో వేలాడుతూ, ఎడమచేత్తో ఎక్కడ మిగిలిందో చూపిస్తూ. వాడు పుట్టకముందు నుంచీ ఈ ఇంట్లో ఉంది. వాడికి ఉగ్గు పట్టింది, స్నానాలు చేయించింది, పక్క తడిపితే ఎవరికీ తెలియకుండా ఉతికింది. ఇంత హాలు, ఆ మూల నుంచి ఈ మూలకి పెళ్ళి భోజనాలు పెట్టొచ్చు, దీన్ని ఇన్నేళ్ళు రోజూ ఒక మనిషి గొంతుక్కూర్చుని తుడిచిందన్న సంగతి వాడికే కాదు, నాకూ ఈ చప్పుడు విన్నాకే ఒంటికి తెలుస్తోంది.

నడియాద్‌లో మా నాన్న ఇల్లు ఎంత, ఈ హాల్లో సగం. బట్టల కొట్టు, మేం నలుగురు అక్కచెల్లెళ్ళం, ఎవరి పని వాళ్ళది, పొద్దున్నే నీళ్ళు పట్టడం నా వంతు, కుళాయి దగ్గర బిందె నిండేదాకా పాఠం అప్పజెప్పుకునేదాన్ని. ఈ ఇంటికి కోడలిగా వచ్చిన కొత్తలో అన్నం తిని అలవాటు చొప్పున నా కంచం నేను తీసుకుని లేచాను, బల్ల చుట్టూ ఉన్నవాళ్ళందరూ నమలడం ఆపేశారు. అత్తగారు, బా అంటాం అందరం, కోప్పడలేదు, నా చేతిలోంచి కంచం మెల్లగా తీసుకుని మళ్ళీ బల్ల మీద పెట్టి "ఇక్కడ దానికి మనుషులున్నారమ్మా" అంది. చాలా ప్రేమగానే అంది. ఆ ప్రేమే కదా ఈ ఇంటితో వచ్చిన చిక్కు, ఇక్కడ ఎవరూ ఎవరినీ కొట్టరు, తిట్టరు, అందరూ అన్నీ ప్రేమగా చేతిలోంచి తీసేసుకుంటారు. నిసర్గ్‌కి నాలుగేళ్ళప్పుడు అనుకుంటా, టీవీ చూస్తూ వాడు కాలు ముందుకి చాపాడు, ఎవరి వైపూ కాదు, ఊరికే గాల్లోకి, కళ్ళు టీవీ మీదే ఉన్నాయి, ఎవరో వచ్చి ఆ కాలికి బూటు తొడిగారు, రెండో కాలు చాపాడు, రెండో బూటు వచ్చింది. తొడిగిందెవరో వాడు చూడలేదు. ఆ రాత్రి మా ఆయన పరాగ్‌తో చెప్తే, "మనం ఇంత కష్టపడేది వాళ్ళు పడకూడదనే కదా పారుల్," అన్నాడు, రంగుల ఫ్యాక్టరీ నుంచి వచ్చి అలిసిపోయి, వేళ్ళ సందుల్లో ఇంకా నీలం ఉంది, అందుకని ఎదురు చెప్పలేకపోయాను. కానీ మానలేదు. పిల్లలు ఎవరి కంచం వాళ్ళు తొట్టి దాకా తీసుకెళ్ళాలన్నాను, ఎవరి పక్క వాళ్ళు సర్దుకోవాలన్నాను, మంచినీళ్ళు తెచ్చిచ్చినవాళ్ళ మొహం చూసి పుచ్చుకోవాలన్నాను. అన్నాను సరే. వాళ్ళు సర్దిన దుప్పటిని నేనటు వెళ్ళగానే జశీబెన్ విప్పి మళ్ళీ సర్దేది, "పసివాళ్ళు భాభీ, పాపం," అని నన్నే జాలిగా చూసేది. మహరాజ్ అయితే పిల్లలు తొట్టిలో కంచం పెట్టడం తన పరువుకే భంగమన్నట్టు గుమ్మంలోనే అందుకునేవాడు. జీతమిచ్చి తెచ్చుకున్న ప్రేమతో యుద్ధం ఎలా చేస్తాం, అది నిజం ప్రేమైపోయాక? పదకొండేళ్ళప్పుడు స్కూలు వాళ్ళు కొండలకి తీసుకెళ్తే, వాడు తిరిగొచ్చేసరికి బూట్ల తాళ్ళన్నీ ముడుల మీద ముడులు, విప్పడం రాక వారం రోజులు ఆ బూట్లు అలాగే లాగి, అలాగే తొడిగాడట. అందరూ నవ్వారు. జశీబెన్ సూదిమొన పెట్టి ఒక్కో ముడీ విప్పింది.

ఫట్. గుడ్డ మళ్ళీ పరిచాడు. హాలు సగం అయినట్టుంది, చప్పుడు పూజగది వైపు జరిగింది. జశీబెన్ పడ్డ రోజు కూడా ఇలాంటి ఎండే. సెలవులిచ్చిన మొదటి వారం, వాడు తలస్నానం చేసి కోచింగ్‌కి ఆలస్యమైపోతోందని పరుగెత్తాడు, షాంపూ సీసా కాలు తగిలి నడవాలోకి దొర్లి ఒలికింది, చూశాడు, చూసి దాటేసి వెళ్ళిపోయాడు. ఇదంతా తర్వాత వాడు చెప్తే తెలిసిందే. అప్పుడు మాకు వినబడింది బాల్చీ దొర్లిన చప్పుడు, జశీబెన్ "మా!" అన్న కేక. మణికట్టు ఎముక రెండు చోట్ల విరిగింది. డాక్టరు దగ్గర కూడా ఆవిడ నవ్వుతూనే ఉంది, "నా చెప్పులు అరిగిపోయాయి భాభీ, నా నీళ్ళలో నేనే జారాను," అంది, అందరం అదే నమ్మాం, షాంపూ వాసన తనకి రాకుండా ఉంటుందా, అన్నీ తెలిసే అంది. రాత్రి భోజనాల దగ్గర నిసర్గ్ ఒక రొట్టె సగం తుంపి అక్కడే పెట్టి లేచిపోయాడు. కడుపునొప్పి అన్నాడు. మర్నాడు కారులో నా పక్కన కూర్చుని, కిటికీలోంచి బయటికి చూస్తూ, "మమ్మీ, అది నేను ఒలకబోసిన షాంపూ," అన్నాడు. ముందు సీట్లో భీఖాభాయ్ కారు నడుపుతూ చెవిలో ఏమీ పడనట్టు మెడ బిగించాడు. "చూసి కూడా వదిలేశాను. జశీమాసి తుడుస్తుందిలే అనుకున్నాను." కొంచెం దూరం పోయాక వాడే, "పప్పా హాస్పిటల్ ఖర్చంతా పెట్టారు కదా, జీతం కూడా ఇస్తున్నారు కదా," అన్నాడు. "అది పప్పా ఇచ్చేది. నువ్విచ్చేదేమిటి?" అన్నాను. "నా పాకెట్ మనీ ఉంది." "అదీ పప్పాదే." వాడు నా వైపు తిరిగి చూశాడు, మీసం ఇంకా సరిగ్గా రాని మొహం, నేనేదో అన్యాయం చేసినట్టు చూశాడు. మరి నాదంటూ ఏముంది, అన్న చూపు అది. నేనా ప్రశ్నని వాడి దగ్గరే ఉండనిచ్చాను.

వాడు వెళ్ళి అడగాల్సిన మనిషినే అడిగాడు. జశీబెన్ ఇంటికి, ఆ ఒక్క గదికి, కోడలు, ఇద్దరు మనవలు, కూలరు లేని ఆ రేకుల కిందకి భీఖాభాయ్‌ని తీసుకుని వెళ్ళి, గుమ్మంలో నిలబడి, "నేనేం చెయ్యాలి మాసీ?" అన్నాడట. ఆవిడ మొదట పడీపడీ నవ్విందట. తర్వాత కోడలు బయటికి వెళ్ళేదాకా ఆగి, అసలు సంగతి చెప్పిందట, చెయ్యి కన్నా తనని తినేస్తున్న సంగతి. కట్టు విప్పేసరికి నెలన్నర పడుతుంది, ఈలోగా బా ఇంకో మనిషిని పెడుతుంది, వచ్చిన మనిషి పడుచుది, చురుకుది అవుతుంది, ఇంక ముసలిదాన్ని ఎవరు పిలుస్తారు, జీతం ఇంటికి పంపిస్తారు కాదనను, కానీ ఇంట్లో కూర్చున్న మనిషికి పంపే జీతం ఎన్నాళ్ళు గుర్తుంటుంది బాబూ? ఆవిడ భయం ఉత్తది కాదు. పక్కింటి ఇలాబెన్ అప్పటికే బాతో మాట్లాడేసింది, దాహోద్ నుంచి వచ్చిన అమ్మాయి ఒకతి సిద్ధంగా ఉంది, పదవ తరగతి చదివిందట, వాక్యూమ్ క్లీనర్ కూడా వాడుతుందట. ఆ సాయంత్రం వాడు అందరి ముందూ నిలబడి, "కొత్తమనిషి వద్దు. కట్టు విప్పేదాకా జశీమాసి పని నేను చేస్తాను," అన్నాడు. పరాగ్ చేతిలో మజ్జిగ గ్లాసు అలాగే ఆగింది. బా మాత్రం, "మన ఇంట్లో మగపిల్లాడు గుడ్డ పట్టి నేల తుడవడమా, వినేవాళ్ళేమంటారు? మీ తాత ఫ్యాక్టరీ పెట్టింది ఇందుకా?" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అప్పుడు మా తొమ్మిదేళ్ళ ఋత్వా, "బా, ఠాకూర్‌జీ గది నువ్వే తుడుస్తావుగా, జశీమాసిని రానివ్వవుగా," అంది. నిజమే, మంచినీళ్ళ గ్లాసు కూడా లేచి తీసుకోని మనిషి, పూజగదిలో ఠాకూర్‌జీ, ఆ చిన్నికృష్ణుడి వెండి గిన్నెలు తనే తోముతుంది, పక్క తనే పరుస్తుంది, ఆ గది గచ్చు కొంగు బిగించి తనే తుడుస్తుంది. "అది సేవ, ఇది పని," అంది బా. "తేడా ఏంటి?" అంది ఋత్వా, ఎదిరించడానికి కాదు, నిజంగా తెలియకే. బా నిసర్గ్ వైపు తిరిగి, "సరే. నాలుగు రోజుల ముచ్చట. ఒక్క పూట నువ్వు తప్పినా మర్నాడు పొద్దున్నే ఇలాబెన్ చెప్పిన అమ్మాయి వస్తుంది. అప్పుడు నన్నెవరూ ఏమీ అనకూడదు," అంది. బా మాటంటే మాటే. ఈ ఇంట్లో పరాగ్ కూడా దాన్ని దాటడు.

నాలుగు రోజులు దాటిపోయాయి. పదిహేను రోజులు కావస్తోంది, జశీబెన్ రోజూ వచ్చి దగ్గరుండి నేర్పుతోంది. మొదట్లో హాలంతా చెరువు చేశాడు, మోకాళ్ళు వాచాయి, అరచేతిలో పొక్కులు చూసి జశీబెన్ తనే ఏడ్చి, పసుపు పట్టు వేసి, మళ్ళీ మర్నాడు బల్ల కింద దుమ్ము ఉందని తిట్టింది. ఆవిడ తిట్టడం నేనెప్పుడూ వినలేదు ఇన్నేళ్ళలో. ప్రేమించినంత కాలం పసివాడన్న మనిషి, ఇప్పుడు నేర్పేసరికి మనిషిని చేసి తిడుతోంది. నాకు ఇది మందులా ఉంది, ఈ తిట్లు. వింటూ ఉంటే మేకు కొంచెం కొంచెం వెనక్కి వస్తున్నట్టు...

బయట కారు హారన్. మా కారు కాదు. గేటు తీసిన చప్పుడు, "నిసర్గ్ ఉన్నాడా కాకా?" అని కుర్రగొంతు, "ఉన్నాడు, రండి రండి," అని భీఖాభాయ్, అయ్యో, కాస్త ఆలోచించి చెప్పకూడదా ఈ మనిషి. కింద గుడ్డ చప్పుడు ఆగిపోయింది. ధైర్య గొంతు అది, సింధు భవన్ రోడ్డు మీద పెద్ద బంగళా వాళ్ళబ్బాయి, వాడి వెనక మీత్, ఇంకెవరో, కోచింగ్ పిల్లలే. వాళ్ళకి ఈ సంగతేదీ తెలియదు, వీడు చెప్పలేదు, నేనూ చెప్పమనలేదు. జశీబెన్ గొంతు తగ్గించి, కానీ నా చెవులకి అందేలా, "ఇటివ్వు, గుడ్డ ఇలా ఇచ్చెయ్. నువ్వెళ్ళి సోఫాలో కూర్చో. తొందరగా, చొక్కా కిందికి లాక్కో," అంటోంది. నేను లేచి కూర్చున్నాను, కంట్లో మెరుపు మెరిసింది, తడిగుడ్డ ఒళ్ళో పడింది. మెట్ల పైన నిలబడి పిలిస్తే చాలు, నిసూ, ఇలా రా అని, వాడు గుడ్డ వదిలి పైకి వచ్చేస్తాడు, వాడి పరువూ దక్కుతుంది, నా మనసూ దక్కుతుంది. లేకపోతే ఊరికే మెట్ల మీద కనబడితే చాలు, నన్ను చూసి గుడ్డ వదలడు. రెండూ నా పనులే అవుతాయి, వాడివి కావు. మంచం అంచు పట్టుకుని కూర్చున్నాను. కింద బాల్చీ ఈడ్చిన చప్పుడు, ఒంటిచేత్తో ఈడ్చిన చప్పుడు వేరేగా ఉంటుంది, ఒక పక్కకి కుంటుతూ, నీళ్ళు ఒలుకుతూ. ఇచ్చేశాడు. గుడ్డ ఆవిడకి ఇచ్చేశాడు.

పదిహేనేళ్ళవాడు, అనుకున్నాను, ఏం ఆశించావు నువ్వు, ఆ వయసులో నువ్వు కుళాయి దగ్గర బిందెతో ఉంటే క్లాసు అమ్మాయి ఎదురొస్తే బిందె చెల్లెలి చంకకి ఎక్కించలేదా. "ఏంట్రా ఈ చెమటలు?" అంటున్నాడు ధైర్య. "ఎక్సర్‌సైజ్," అన్నాడు నా కొడుకు. సోఫా స్ప్రింగులు మూలిగాయి. బూట్ల చప్పుడు తడి గచ్చు మీద, కిచకిచ, ఆ మూల నుంచి ఫ్రిజ్ దాకా, మళ్ళీ వెనక్కి. "మాసీ, చల్లటి నీళ్ళు," అని మీత్. జశీబెన్ లేచిన చప్పుడు, నేల మీద ఎడమచెయ్యి ఆనించి, "హే ప్రభూ" అని నిట్టూర్చి, ఆవిడ లేచే తీరు నాకు కళ్ళకి కట్టినట్టు తెలుసు. అదే క్షణంలో కింద గది తలుపు గడియ తీశారు. బా లేచింది. ఠాకూర్‌జీని మధ్యాహ్నపు నిద్ర లేపే వేళ. "జై శ్రీకృష్ణ, బా," అన్నారు పిల్లలు. "జై శ్రీకృష్ణ," అంది బా, అని ఆగిపోయింది. చూసి ఉంటుంది. ఒంటిచేత్తో నీళ్ళ ట్రే పట్టుకున్న జశీబెన్‌ని, హాలు మధ్యలో బాల్చీని, సోఫాలో మనవణ్ణి. ఇంకేముంది, అయిపోయింది. ఇలాబెన్‌కి ఫోను వెళ్ళిపోతుంది, రేపు పొద్దున్నే వాక్యూమ్ క్లీనర్ పట్టుకున్న అమ్మాయి గుమ్మంలో ఉంటుంది, జశీబెన్ నవ్వుతూనే వెళ్ళిపోతుంది, చెప్పులు అరిగిపోయాయి భాభీ అనే అంటుంది, ఆవిడ ఎవరినీ వేలెత్తి చూపదు, చూపితే బాగుండును.

"ఒంటిచేత్తో పని చేయిస్తున్నారేంట్రా ఈవిణ్ణి?" ధైర్యే అన్నాడు, నీళ్ళు గటగటా తాగి. "మా మమ్మీ అయితే ఎప్పుడో మార్చేసేది."

సెల్‌ఫోను మార్చినట్టు అన్నాడు. చెడ్డపిల్లాడేం కాదు, మా ఇంట్లో అన్నం తిన్నవాడు, నాలుగేళ్ళ వయసులో వాడూ గాల్లోకి కాలు చాపే ఉంటాడు. తర్వాత నిసర్గ్ గొంతు, కొంచెం కీచుగా, ఈమధ్య మారుతున్న గొంతు కదా, అవసరానికి తప్పక పగుల్తుంది, "మార్చం," అంది. "ఆ చెయ్యి విరగ్గొట్టింది నేనే."

"కొట్టావా?" అన్నాడు మీత్ హడలిపోయి.

"కొట్టడమేంట్రా గాడిదా! షాంపూ ఒలకబోశాను. తుడవకుండా వెళ్ళిపోయాను. మాసి దాని మీద కాలేసి పడింది." సోఫా మళ్ళీ మూలిగింది, లేచాడు. "ఇందాకటిది ఎక్సర్‌సైజ్ కాదు. నేల తుడుస్తున్నాను. రోజూ నేనే తుడుస్తున్నాను. మాసీ, ఆ గుడ్డ ఇలా ఇయ్యి." "వద్దు బాబూ, స్నేహితులొచ్చారు..." "ఇయ్యి మాసీ." పెనుగులాట లాంటిది, గుడ్డ కోసం, ఇద్దరూ ఇద్దరే మొండివాళ్ళు. "బూట్లు విప్పండ్రా. చూడండి ఎలా తొక్కేశారో, ఆ మూలంతా మళ్ళీ తుడవాలి నేను."

ముందు ఒకడు కిసుక్కుమన్నాడు, ఆ తర్వాత ముగ్గురూ. "నిసూభాయ్ కాదురా, నిసూబెన్!" అన్నాడు ధైర్య. "నిసూబెన్, మా ఇంటిక్కూడా వస్తావా? దీపావళికి చీర పెడతాం!" "పాత చీర ఇస్తే రాదు, పట్టుచీర అడుగుతుంది!" ఇల్లు అదిరిపోయేలా నవ్వులు, ఒక్కో నవ్వూ నా కంటి వెనక సమ్మెట దెబ్బ, రెండు చేతులతో తల పట్టుకుని, దిగిపోయి వాళ్ళ చెవులు మెలేద్దామన్నంత కోపంతో కూర్చున్నాను, కానీ అదుగో, ఆ నవ్వుల్లో వాడి నవ్వు కూడా ఉంది. నిజం నవ్వో కాదో చెప్పలేను, కాస్త ఆలస్యంగా కలిసిన నవ్వు. "నిసూబెన్ చెప్తోంది కదా," అన్నాడు గొంతు సన్నం చేసి, అచ్చు జశీబెన్ యాసలో, "బూట్లు బయట! తుడిచిన చోట అడుగులేస్తే ఇంక తుడవడం ఎందుకు?" జశీబెన్ నవ్వు వినబడింది ఈసారి, పళ్ళు లేనివైపు నుంచి గాలి పోయే నవ్వు. పిల్లలు బూట్లు విప్పలేదు, అంత కథ జరగలేదు. "అయితే మేం వెళ్తాంరా, కేఫ్‌లో టేబుల్ చెప్పాం. అయ్యాక రా." "అయ్యేసరికి సాయంత్రమవుతుంది." "నీ ఇష్టం." "మామిడిరసం తాగి వెళ్ళండి," అంది బా, అంతసేపటికి అదొక్కటే మాట. "వద్దు బా, వస్తాం." బూట్లు బయటికి వెళ్ళాయి, కారు తలుపులు, గేటు. వెళ్తూ వెళ్తూ మళ్ళీ ఒక "నిసూబెన్!" గోడ మీద నుంచి వచ్చి హాల్లో పడింది. రేపు కోచింగ్‌లో ఇదే పేరు. ఎల్లుండి కూడా. సెలవులయ్యాక స్కూల్లో కూడా ఇదే పేరు అవుతుందేమో. వాడికి తెలుసు, నాకూ తెలుసు.

ఫట్. గుడ్డ పరిచాడు. "వెళ్ళకపోయావా బాబూ, మిగిలింది రేపు చేద్దువుగా," అంటోంది జశీబెన్, "మెట్లు మిగిలాయి మాసీ," అంటున్నాడు వాడు, "సరేలే, అయితే అలా కాదు, గుడ్డ పిండు, నీళ్ళు కారుతున్నాయి, అంత పెద్దింటి పిల్లాడివి గుడ్డ పిండే బలం లేదా," మళ్ళీ మొదలు. బా ఎటు వెళ్ళిందో తెలియడం లేదు. పూజగదిలో చిన్నగంట మోగింది, అదే, ఠాకూర్‌జీని లేపుతోంది. నేను మళ్ళీ పడుకున్నాను. గోడ మీద ఎండ గీత జరిగి అద్దం మీదికి పాకింది, ఋత్వా అటు తిరిగి పడుకుంది, దీని వంతు ఎప్పుడొస్తుందో, ఇది దేన్ని ఒలకబోస్తుందో, ఒలకబోసి ఎవరి మొహం చూస్తుందో. పిల్లల్ని పెంచడమంటే నేను చేసినవన్నీ, ఆ కంచాలు, దుప్పట్లు, నేను గీసిన గీతలన్నీ ఏమయ్యాయో నాకు తెలియదు. ఏదో ఒకటి లోపలికి ఇంకే ఉంటుంది, లేకపోతే వాడు కారులో ఆ మాట ఎందుకంటాడు. లేక ఏమీ ఇంకలేదేమో, వాడికి జశీబెన్ అంటే ప్రాణం, అంతేనేమో. ఆ ప్రేమతో ఇన్నాళ్ళు యుద్ధం చేశాను. చివరికి నా పని చేసిపెట్టింది అదే అయితే మాత్రం నాకేం చిన్నతనం.

మెట్లు ఒక్కొక్కటే పైకి వస్తున్నాయి, తడిగా. నా గుమ్మం దగ్గర ఆగాయి. తలుపు కొంచెం తెరుచుకుంది. "మమ్మీ, నిద్రపోయావా?" "లేదు." "నొప్పి తగ్గిందా?" "తగ్గుతోంది." వాడి మీద ఫినాయిల్ వాసన, చెమట వాసన. చీకట్లో మొహం కనబడలేదు, భుజాలు మాత్రం వాళ్ళ నాన్నవి. చెప్తాడని చూశాను. చెప్తే ఏమనాలో కూడా సిద్ధం చేసుకున్నాను, చెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కుందామనుకున్నాను. "ఎవరో వచ్చినట్టున్నారు?" అన్నాను, దారి చూపిస్తున్నట్టు. "ఆఁ. ధైర్య వాళ్ళు. వెళ్ళిపోయారు," అన్నాడు. అంతే. ఆ తర్వాత, "జశీమాసి చెయ్యి డాక్టరుకి చూపించాల్సింది శనివారమట, భీఖాకాకాకి ఆ రోజు సెలవు. నేను ఆటోలో తీసుకెళ్తాను, సరేనా? ఎక్స్‌రే కాయితాలు నీ దగ్గరే ఉన్నాయా?" అన్నాడు. "ఉన్నాయి." "ఆకలేస్తోంది. మహరాజ్‌ని లేపను, పాపం. నేనే టీ పెడతా. మాసి చెప్తుంది." తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయాడు. చెప్పలేదు. నాకోసం చేసిన పనైతే నాకు చెప్పేవాడు. చిన్నప్పుడు పక్క సర్దితే పరుగెత్తుకొచ్చి, మమ్మీ చూడు చూడు అనేవాడు. ఇది నాకు చూపించక్కర్లేని పని. సిద్ధం చేసుకున్న మాటలన్నీ గొంతులోనే ఉండిపోయాయి, ఉంటే ఉండనీ, బాగానే ఉంది.

కింద అల్లం దంచుతున్నారు. "అంతొద్దు బాబూ, అది టీ, కషాయం కాదు." ఆ మాటల్ని తొక్కేస్తూ బా గొంతు, ఫోనులో మాట్లాడితే అవతలి మనిషి సబర్మతికి ఆవలి గట్టున ఉన్నట్టు అరుస్తుంది బా, "ఇలాబెన్! ఆఁ, నేనే. ఆ దాహోద్ అమ్మాయి సంగతి. ఇంకెవరింట్లోనైనా పెట్టించు, మాకక్కర్లేదు... లేదు, వేరే ఎవర్నీ పెట్టుకోలేదు, మా జశీ ఉందిగా... చెయ్యా? చెయ్యి అతుక్కుంటుంది... ఈలోగానా? ఈలోగా మా నిసర్గ్ తుడుస్తాడు." అవతల ఇలాబెన్ ఏమందో, కాసేపు ఆగింది బా. "అవును, గుడ్డ పట్టుకునే తుడుస్తాడు," అంది బా. "మూలలు కూడా వదలడు. వచ్చి చూసుకో, కానీ చెప్పులు బయట విప్పి రా."

మేకు పూర్తిగా ఊడలేదు, కానీ పట్టు వదిలింది, ఇంక నిద్ర వస్తుంది, తెలుస్తోంది, కాళ్ళ నుంచి మొదలై పైకి వెచ్చగా పాకుతోంది. కింద మాటలు నీళ్ళలోంచి విన్నట్టు వినిపిస్తున్నాయి, చక్కెర ఎంత, ఎన్ని కప్పులు, బాకి చక్కెర వద్దు, బాకి చెప్పకుండా కొంచెం వెయ్యి, ఆకులు ఎప్పుడు వెయ్యాలి, చూడు చూడు పాలు, నిసూభాయ్ పాలు! సర్రుమని చప్పుడు, ఇద్దరి నవ్వులు, మాడిన పాల వాసన మెట్లెక్కి నా గదిలోకి వచ్చింది. మహరాజ్ లేస్తే అతని పొయ్యి అలా చూసి గుండె ఆగిపోతుంది. మామూలుగా అయితే ఈపాటికి సగం మెట్లు దిగి ఉండేదాన్ని. తడిగుడ్డ తీసి పక్కన పెట్టి, ఋత్వా వైపు ఒత్తిగిల్లి, కళ్ళు మూసుకున్నాను.